దూర ప్రయాణాలకు పోర్టబుల్ ఫ్రిజ్: ఎంచుకోవడం, బిగించడం, వాడుకోవడం

పోర్టబుల్ ఫ్రిజ్ కొనాలనుకునేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఎన్ని లీటర్లది తీసుకోవాలని. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. దానికి రోజూ ఎంత కరెంటు ఇవ్వగలమో ముందు తేల్చుకోవాలి. ఇంట్లో ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాక ఫ్రిజ్ సంగతి మరిచిపోతాం. బండిలో అలా కుదరదు. అది వాడే ప్రతి వాట్ అవరూ (1 వాటు చొప్పున గంటసేపు వాడితే అయ్యే కరెంటు) ఇంజిన్ నుంచో, సోలార్ ప్యానెల్ నుంచో, ముందే నింపుకున్న బ్యాటరీ నుంచో రావాలి. ఎంత ఖరీదైన ఫ్రిజ్ అయినా సన్నటి వైరుతో పాతబడ్డ బ్యాటరీకి తగిలిస్తే రెండో రాత్రికే పాలు విరిగిపోతాయి. ఓ మోస్తరు ఫ్రిజ్‌కు సరైన బ్యాటరీ, సరైన వైరు తోడైతే వారాల తరబడి నిశ్చింతగా నడుస్తుంది. అందుకే ఇక్కడ కరెంటుకీ, వైరుకీ ఎక్కువ చోటిచ్చాను.

అసలు ఫ్రిజ్ అవసరమేనా?

ఒకటి రెండు రాత్రుల ప్రయాణానికి మందమైన గోడలున్న మంచి ఐస్ బాక్స్ చాలు. 1 కిలో ఐస్ పూర్తిగా కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి కావాలి. వాట్ అవర్లలో చెప్పాలంటే దాదాపు 93. ఆ లెక్కన 10 కిలోల ఐస్ కరిగి నీరయ్యేలోపు 930 వాట్ అవర్ల వేడిని పీల్చుకుంటుంది. బ్యాటరీ అక్కర్లేదు, మధ్యలో చెడిపోయే భాగమూ లేదు.

చిక్కంతా మూడో రోజున మొదలవుతుంది. మళ్లీ ఐస్ దొరకాలి. కరిగిన నీళ్లలో ప్యాకెట్లు నానుతుంటాయి. లోపల ఎన్ని డిగ్రీలుందో చూడగలమే తప్ప దాన్ని మార్చడం మన చేతిలో ఉండదు. ప్రయాణం మూడు రోజులు దాటినా, దారిలో ఐస్ దొరకదని తెలిసినా, వెంట చల్లగా ఉంచాల్సిన మందులున్నా ఫ్రిజ్ కొనడం సబబే. ఇవేవీ లేకపోతే ఐస్ బాక్స్‌తో ఒకటి రెండుసార్లు వెళ్లి చూడండి. మీరు ఎంత సామాను చల్లగా ఉంచుకుంటారో తెలిసొస్తుంది, రేపు ఫ్రిజ్ సైజు నిర్ణయించుకోవడానికి ఆ అనుభవమే ఉపయోగపడుతుంది.

మూడు రకాలు

థర్మోఎలక్ట్రిక్ కూలర్లు చవక, తేలిక. వేర్వేరు లోహాల అతుకు గుండా కరెంటు ప్రవహిస్తే ఒక వైపు చల్లబడి మరో వైపు వేడెక్కుతుందని 1834లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ పెల్టియే గమనించాడు. ఈ పెట్టెలు పనిచేసేది ఆ సూత్రం మీదే. ఇవి బయటి గాలి కంటే సుమారు 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తక్కువకు తేగలవు. బయట 38 ఉంటే లోపల 18 దాకా ఉంటుందన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ప్రకారం పాడయ్యే ఆహారం 5 డిగ్రీల లోపు ఉండాలి కాబట్టి మాంసానికీ, పాలకూ ఈ పెట్టె పనికిరాదు. పైగా వీటిలో చాలావాటికి కావాల్సినంత చల్లబడగానే ఆపే థర్మోస్టాట్ ఉండదు, రోజంతా 4 నుంచి 5 ఆంపియర్లు ఆపకుండా లాగుతూనే ఉంటాయి. చవగ్గా వస్తుందని దీన్ని కొనుక్కుని, దానికి తగ్గ పెద్ద బ్యాటరీ వెతుక్కోవడం దండగ. దారిలో తాగే నీళ్లు కాస్త చల్లగా ఉంటే చాలనుకునేవాళ్లు తీసుకోవచ్చు.

రెండో రకం అబ్జార్ప్షన్ ఫ్రిజ్. 1922లో స్టాక్‌హోంలో విద్యార్థులుగా ఉన్న బాల్ట్‌జర్ వాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ దీన్ని రూపొందించారు. దీనికి మోటారు ఉండదు. అమ్మోనియా, నీరు, హైడ్రోజన్‌లను ఒక మంట వేడితోనో హీటరు వేడితోనో కదిలించి చల్లదనం పుట్టిస్తుంది. గ్యాసు మీద, 12 వోల్టుల మీద, ఇంటి కరెంటు మీద మూడు విధాలా నడుస్తుంది. చప్పుడే ఉండదు. కానీ పెట్టె సమతలంగా ఉండాలి, కాస్త ఎక్కువ వాలినా లోపలి ద్రవాలు కదలక చల్లదనం ఆగిపోతుంది. గతుకుల దారిలో నడిచే బండికి ఇది ఇమడదు. 12 వోల్టుల మీద నడిపితే బ్యాటరీని గంటల్లో ఖాళీ చేస్తుంది. గ్యాసు మంట కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. అది రంగూ వాసనా లేని విషం. మూసిన బండిలో గానీ గుడారంలో గానీ దీన్ని గ్యాసు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించకూడదు. ఒకేచోట చాలా రోజులు మకాం వేసి, ఆరుబయట పెట్టుకుని వాడేవాళ్లకు ఇది బాగుంటుంది.

మూడోది కంప్రెసర్ ఫ్రిజ్. మన వంటింటి ఫ్రిజ్ లోపల ఉండే పద్ధతే, మోటారు మాత్రం 12 లేదా 24 వోల్టుల మీద నడుస్తుంది. డాన్‌ఫాస్ తయారుచేసిన బీడీ-35, బీడీ-50 కంప్రెసర్లు ఈ రంగంలో చాలాకాలంగా పేరున్నవి. 2010లో చేతులు మారాక అదే వ్యాపారం సీకాప్ పేరుతో నడుస్తోంది. ఎంగెల్ ఫ్రిజ్‌లలోది జపాన్‌కు చెందిన సవాఫుజీ స్వింగ్ మోటారు. అందులో తిరిగే భాగమంటూ లేదు, విద్యుదయస్కాంతం పిస్టన్‌ను నేరుగా ముందుకూ వెనక్కూ కదుపుతుంది. ఏ కంపెనీదైనా మంచి కంప్రెసర్ ఫ్రిజ్ బయట ఎండగా ఉన్నా మైనస్ 18 డిగ్రీలకు దిగగలదు, చాలావరకు 30 డిగ్రీల వాలు దాకా ఓర్చుకుంటుంది. ఇక్కడి నుంచి ఫ్రిజ్ అంటే ఇదే.

మొదటి పని: కరెంటు లెక్క కాగితం మీద వేయండి

ఫ్రిజ్‌లోకి వేడి రెండు దారుల్లో వస్తుంది. గోడల గుండా రోజంతా మెల్లగా వచ్చేది ఒకటి. మనం లోపల పెట్టే వెచ్చటి సామానుతో వచ్చేది రెండోది. మూత తెరిస్తే చలంతా పోతుందని చాలామంది భయపడతారు. నిజానికి 40 లీటర్ల గాలి బరువు దాదాపు 50 గ్రాములే. అదంతా పోయి వెచ్చటి తేమగాలి నిండినా, దాన్ని మళ్లీ చల్లబరచడానికి తీయాల్సిన వేడి 1 వాట్ అవర్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అదే 30 డిగ్రీల దగ్గరున్న 1 లీటరు నీళ్ల సీసా పెడితే, దాన్ని 4 డిగ్రీలకు దింపడానికి 30 వాట్ అవర్ల వేడి తోడెయ్యాలి. పిల్లలు ఊరికే మూత తీస్తున్నారని కోప్పడే ముందు, ఎండలో ఉన్న సీసాలు అరడజను లోపల పెట్టిందెవరో చూసుకోవడం మంచిది.

లెక్క వేసే పద్ధతి సులువే. కంప్రెసర్ నడిచేటప్పుడు వాడే వాట్లు, అది రోజులో ఎంత భాగం నడుస్తుందన్న అంచనా, ఈ రెండూ చాలు. 40 లీటర్ల ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుంటుందనుకుందాం. బయట 30 డిగ్రీలున్నప్పుడు 4 డిగ్రీల దగ్గర ఉంచితే రోజులో 40 శాతం సేపు నడుస్తుందనుకోండి. 45ను 24తోనూ, ఆపైన 0.4తోనూ గుణిస్తే 432 వాట్ అవర్లు. 12 వోల్టులతో భాగిస్తే 36 ఆంప్ అవర్లు, బ్యాటరీల సైజు చెప్పే కొలత ఇదే. బాగా ఎండలు కాసే చోట 40 శాతం బదులు 60 వేసుకోండి, 650 దాకా వస్తుంది. చల్లటి కొండ ప్రాంతంలో 20 శాతమే కావచ్చు. కంపెనీ కరపత్రంలో ఉండే అంకె చల్లటి గదిలో, ఫ్రిజ్ మూత తియ్యకుండా కొలిచింది కావచ్చు. ఎన్ని డిగ్రీల దగ్గర కొలిచారో రాయకపోతే ఆ అంకెను నమ్మకండి.

ఫ్రీజర్‌గా వాడదలిస్తే ఈ లెక్క మారిపోతుంది. బయట 30, లోపల 4 అయితే తేడా 26 డిగ్రీలు. లోపల మైనస్ 18 అయితే తేడా 48. గోడల గుండా వచ్చే వేడి దాదాపు రెట్టింపవుతుంది. అంత చల్లటి చోటి నుంచి వేడిని తోడడం కంప్రెసర్‌కు కూడా కష్టమే కాబట్టి మొత్తం ఖర్చు రెట్టింపు దాటిపోతుంది. నాలుగు రోజుల మాంసం కోసం ఫ్రిజ్ మొత్తాన్ని ఫ్రీజర్‌గా నడపడం నాకు సమంజసంగా అనిపించదు. మాంసాన్ని ఇంట్లోనే గడ్డకట్టించి తెచ్చి 2 డిగ్రీల దగ్గర పెడితే నిదానంగా కరుగుతూ పక్క సామాన్లను కూడా చల్లగా ఉంచుతుంది.

ఇక బ్యాటరీ. 100 ఆంప్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12.8 వోల్టుల లెక్కన 1,280 వాట్ అవర్లు దాచుకుంటుంది. అందులో 80 శాతం వాడుకుంటే 1,000 పైచిలుకు. మన 432 లెక్కకు ఎండా ఇంజినూ లేకపోయినా రెండు రోజులు దాటి నడుస్తుంది. అదే 100 ఆంప్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో, సీల్ చేసి వచ్చే ఏజీఎం రకం అయినా సరే, సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. కాబట్టి చేతికొచ్చేది 600. ఒకటిన్నర రోజు కూడా రాదు. లిథియం బ్యాటరీ కొనేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. గడ్డకట్టే చలిలో, అంటే 0 డిగ్రీల కింద, దాన్ని చార్జ్ చేయకూడదు. మంచు ప్రాంతాలకు వెళ్లేవాళ్లు ఆ రక్షణ లోపలే ఉన్న బ్యాటరీని ఎంచుకోవాలి.

బండి స్టార్టింగ్ బ్యాటరీ మీద రాత్రంతా ఫ్రిజ్ నడపకండి. ఇంజిన్ తిప్పడానికి కొద్ది సెకన్లు పెద్ద కరెంటు ఇవ్వడానికి తయారైన బ్యాటరీ అది, లోతుగా ఖాళీ అయితే తట్టుకోలేదు. జనసంచారం లేని చోట పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోతే పాలు విరగడం చిన్న కష్టం అనిపిస్తుంది. రెండో బ్యాటరీ తప్పనిసరి.

ఆ రెండో బ్యాటరీని నింపే దారులు చూద్దాం. నడిచే బండిలో 25 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్, అంటే ఇంజిన్ నుంచి వచ్చే కరెంటుతో రెండో బ్యాటరీని సరైన వోల్టేజీలో నింపే పెట్టె, గంటకు 300 వాట్ అవర్లు ఇస్తుంది. అంటే గంటన్నర ప్రయాణం ఒక రోజు ఫ్రిజ్ ఖర్చును పూడ్చేస్తుంది. కొత్త బండ్లలో ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ తన వోల్టేజీని తానే తగ్గించుకుంటూ ఉంటుంది. అందుకే బ్యాటరీల మధ్య ఊరికే రిలే (రెంటినీ కలిపే స్విచ్చు) పెట్టి వదిలేయకుండా డీసీ-డీసీ చార్జరే పెట్టించుకోండి. ఒకేచోట రెండు మూడు రోజులు ఆగేవాళ్లకు సోలార్ కావాలి. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున, నష్టాలు పోగా, 350 వాట్ అవర్లు ఇస్తుందనుకోవచ్చు. మబ్బు రోజుల కోసం 200 వాట్లు పెట్టుకుంటే మనసు నెమ్మదిగా ఉంటుంది. బండి నీడలో, ప్యానెల్ ఎండలో ఉండాలి కాబట్టి కప్పు మీద బిగించిన దానికంటే పొడుగు వైరుతో మడతపెట్టే ప్యానెల్ నాకు నచ్చుతుంది.

పవర్ స్టేషన్ పేరుతో అమ్మే, బ్యాటరీ, సాకెట్లు అన్నీ ఒక్కదాంట్లోనే ఉండే పెట్టెలు కూడా బాగానే పనిచేస్తాయి, వైరింగ్ గొడవ తప్పుతుంది. ఫ్రిజ్‌ను మాత్రం దాని 12 వోల్టుల సాకెట్‌కే తగిలించండి. ఇంటి ప్లగ్గు లాంటి సాకెట్‌కు తగిలిస్తే ఇన్వర్టర్ దారిలోనే 10 శాతానికి పైగా కరెంటు వేడిగా పోతుంది.

రెండో పని: ఎన్ని లీటర్లు?

ఇద్దరు మనుషులు నాలుగు రోజులు వెళ్తే 35 నుంచి 45 లీటర్లు సరిపోతాయి. నలుగురికి 60 పైన చూడండి. కంపెనీ చెప్పే లీటర్లలో బుట్టలు, కంప్రెసర్ మీది మెట్టు లాంటి వాటికి పోయేది ఉంటుంది కాబట్టి పదో వంతు తీసేసి లెక్కవేసుకోండి. మీరు ఎప్పుడూ వాడే పెద్ద సీసాను కొనే చోటికి తీసుకెళ్లి లోపల నిలబెట్టి మూత వేసి చూడండి. పడుకోబెట్టిన పాల సీసా గతుకుల్లో ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది.

పెద్దది కొంటే కరెంటు కూడా అంతే పెరుగుతుందని భయపడక్కర్లేదు. లీటర్లు రెట్టింపయితే గోడల వైశాల్యం సుమారు ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది. బరువు మాత్రం గట్టిగా పెరుగుతుంది. 40 లీటర్ల ఫ్రిజ్ ఖాళీగా 20 కిలోల దగ్గర ఉంటుంది, నిండితే 45 దాటొచ్చు. దాన్ని ఎత్తి దించే మనుషులు ఎవరో ముందే అనుకోండి.

ఒకే అర ఉన్నది మేలా, రెండు అరలదా? మందులకోసమో, నిజంగా గడ్డకట్టిన సామాను రోజుల తరబడి కావాలనో అయితే రెండు అరలది తీసుకోండి. లేదంటే ఒకే అర చాలు. అంతే ధరకు ఎక్కువ చోటు, తక్కువ ఖర్చు.

కొనేటప్పుడు చేత్తో పట్టి చూడాల్సినవి

వెనకాల స్టిక్కర్ మీద వాతావరణ తరగతి రాసి ఉంటుంది. ఎస్‌టీ తరగతి ఫ్రిజ్ 38 డిగ్రీల దాకా, టీ తరగతి 43 డిగ్రీల దాకా పనిచేసేలా రూపొందించినవి. ఎండలో ఆపిన బండి లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి టీ తరగతి వెతకండి. మూతకున్న రబ్బరు అంచులో ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూడండి. తేలిగ్గా జారిపోతే ఆ చోట చలి కారుతుంది. నాలుగు వైపులా అలా చూడాలి.

గొళ్లెం, కీలు, హ్యాండిళ్లు లోహానివైతే మంచిది. మూత రెండు వైపులా తెరుచుకునేది, లేదా ఊడి వచ్చేది అయితే బండిలో ఎలా పెట్టినా ఇబ్బంది ఉండదు. ఫోన్‌లో ఉష్ణోగ్రత చూపే యాప్ ఉంటే సౌకర్యమే, అది లేని ఫ్రిజ్‌ను ఆ ఒక్క కారణంతో వదులుకోవద్దు. సామాను పెట్టే దిశ గురించి కూడా చెప్పాలి. ముందుకు తెరుచుకునే తలుపున్నది వంటింటి ఫ్రిజ్‌లా అందుబాటుగా ఉంటుంది, వ్యాన్‌లో అరగా బిగించుకునేవాళ్లకు అదే సరి. కదిలే బండిలో మాత్రం సామాను తలుపు మీద పడుతూ ఉంటుంది. పై నుంచి తెరిచేదే నా ఎంపిక.

కంప్రెసర్‌లో ఏ వాయువుందో కూడా స్టిక్కర్ మీదే ఉంటుంది. ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు శక్తిమంతం. ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్, ఆ విషయంలో ఎంతో నయం. అది మండే వాయువే, అయినా ఇలాంటి ఫ్రిజ్‌లో ఉండేది కొద్ది పదుల గ్రాములే. రెండూ దొరికితే నేను రెండోదే తీసుకోమంటాను.

మూడో పని: వైరు

పోర్టబుల్ ఫ్రిజ్ చెడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉండేది వైరే. కారణం ఇది. బ్యాటరీ ముందు, ఫ్రిజ్ వెనక, మధ్య దూరం 5 మీటర్లు అనుకుందాం. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి వైరు 10 మీటర్లు. అది 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరైతే దాని నిరోధం 0.17 ఓమ్‌లు. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో 10 ఆంపియర్లు లాగితే వైరులోనే 1.7 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 12.4 ఉన్నా ఫ్రిజ్‌కు అందేది 10.7 మాత్రమే. బ్యాటరీ ఖాళీ అయిపోయిందనుకుని అది ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆగుతుంది. మీరేమో బ్యాటరీని అనుమానిస్తారు. అదే దూరానికి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.3 వోల్టులే.

వరసగా చేయాల్సింది ఇది.

1. బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా వైరు వెళ్లే దారిని తాడుతో కొలవండి. నేరుగా చూసిన దూరం కంటే అది ఎప్పుడూ ఎక్కువే.
2. 5 మీటర్ల దాకా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ప్లస్‌కూ మైనస్‌కూ విడివిడిగా వేయండి. మైనస్‌ను బండి బాడీకి తగిలించి వదిలేయడం కంటే ఇదే నమ్మకం.
3. బ్యాటరీ ప్లస్ కొనకు వీలైనంత దగ్గరగా 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు కాపాడేది వైరును, దాంతోపాటు బండిని. ఫ్రిజ్ దగ్గర పెట్టిన ఫ్యూజు మధ్యలో వైరు ఒరుసుకుపోతే ఏమీ చేయలేదు.
4. లోహపు అంచుల మీదుగా వైరు వెళ్లే చోట రబ్బరు బుష్, మీద ముడతల గొట్టం తప్పకుండా వేయండి.
5. చివర ఆండర్సన్ ప్లగ్గు (పెద్ద కరెంటుకు తట్టుకుని గట్టిగా పట్టుకునే రకం) గానీ, మరతో బిగిసే సాకెట్ గానీ పెట్టండి.
6. కంప్రెసర్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర, ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర వోల్టేజీ కొలవండి. తేడా అర వోల్టు మించితే ఎక్కడో కనెక్షన్ వదులుగా ఉంది.

ఐదో అంశం గురించి ఇంకో మాట, బండిలో ముందే ఉన్న లైటర్ సాకెట్‌తో ఎందుకు సరిపెట్టుకోకూడదో. సిగరెట్ లైటర్ సాకెట్ పేరుకు తగ్గట్టే లైటర్‌ను కొన్ని సెకన్లు వేడి చేయడానికి పుట్టింది. ప్లగ్గును అందులో పట్టి ఉంచేది స్ప్రింగు ఒత్తిడి మాత్రమే. గతుకుల్లో వదులవుతుంది, వదులైన చోట వేడెక్కుతుంది, ఒక్కోసారి ప్లాస్టిక్ కరుగుతుంది. చాలా బండ్లలో తాళం తీయగానే ఆ సాకెట్‌కు కరెంటే ఆగిపోతుంది. రాత్రి భోజనానికి ఆగినప్పుడు ఫ్రిజ్ ఆగిందని తెల్లారేదాకా తెలియదు.

ఫ్రిజ్‌లో బ్యాటరీ రక్షణకు సాధారణంగా మూడు స్థాయిలుంటాయి. చాలా మోడళ్లలో హై మీద పెడితే 11.8 వోల్టుల దగ్గర, లో మీద పెడితే 10 దరిదాపుల్లో ఆగిపోతుంది. స్టార్టింగ్ బ్యాటరీకి తగిలించక తప్పని రోజున హై. విడిగా లిథియం బ్యాటరీ ఉంటే మధ్య స్థాయి గానీ లో గానీ పెట్టండి. దాన్ని కాపాడే సర్క్యూట్ లోపలే ఉంటుంది.

నాలుగో పని: బండిలో బిగించడం

45 కిలోల పెట్టె గట్టి బ్రేకుకే ముందుకు దూకుతుంది. ప్రమాదం జరిగితే మనుషుల వైపు ఎగిరి వస్తుంది. అందుకని ఫ్రిజ్‌ను నాలుగు వైపులా పట్టీలతో, బండి నేలకు బోల్టులతో బిగించిన కొక్కేలకు కట్టాలి. ప్లాస్టిక్ హ్యాండిల్‌కు పట్టీ వేసి సరిపెట్టుకోకండి. బయటికి జారే స్లైడ్ పెట్టుకునేవాళ్లు రెండు వైపులా తాళం పడేది తీసుకోవాలి. స్లైడ్ ఎత్తు కూడా చూసుకోండి. ఎత్తైన బండిలో స్లైడ్ మీద ఫ్రిజ్ పెడితే ఇంట్లో పొట్టివాళ్లకు అడుగున ఏముందో కనపడదు.

ఫ్రిజ్‌కు గాలి ఆడాలి. లోపలి నుంచి తోడిన వేడి అంతా కంప్రెసర్ పక్కనున్న జాలీ గుండా బయటికి రావాలి. ఆ వైపు కనీసం 10 సెంటీమీటర్లు వదలండి. దుప్పట్లు, సంచులు జాలీకి ఆనించి సర్దితే ఆ వేడి అక్కడే తిరిగి కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది. చలి కాపాడే తొడుగు కొనేటట్లయితే జాలీ దగ్గర కిటికీ ఉన్నదే కొనండి. ఎండలో ఆపినప్పుడు అద్దాలకు తెరలు వేసి, ఫ్రిజ్ మీద నేరుగా ఎండ పడకుండా చూడటం పెద్ద బ్యాటరీ కొన్నంత లాభం.

కొత్త ఫ్రిజ్‌ను పక్కకు పడుకోబెట్టి తీసుకొచ్చి ఉంటే వెంటనే ఆన్ చేయకండి. కొన్ని గంటలు నిలువుగా ఉంచితే పైపుల్లోకి పోయిన నూనె తిరిగి కంప్రెసర్‌లోకి దిగుతుంది.

ఐదో పని: ఇంటి దగ్గరే 24 గంటల పరీక్ష

దీన్ని మాత్రం దాటవేయకండి. ఫ్రిజ్‌ను నీళ్ల సీసాలతో ముప్పావు వంతు నింపి, ఇంటి కరెంటు మీద చల్లబరిచి, తర్వాత బండిలో పెట్టి రెండో బ్యాటరీ మీద ఒక పగలు, ఒక రాత్రి నడపండి. బ్యాటరీ మానిటర్ ఉంటే అది చూపే ఆంప్ అవర్లు రాసుకోండి. కాగితం మీద వేసుకున్న లెక్కకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. అసలు ప్రయాణానికి పనికొచ్చే అంకె ఇదే.

అదే సమయంలో ఒక చిన్న థర్మామీటర్‌ను నీళ్ల గ్లాసులో వేసి ఫ్రిజ్ మధ్యలో పెట్టండి. ఫ్రిజ్ సెన్సర్ గోడకు అంటుకుని ఉంటుంది, అది చూపేది ఆ చోటి సంగతి. డిస్‌ప్లే 3 చూపుతుంటే మధ్యలో 6 ఉండొచ్చు, అడుగున గోడ పక్కన 0 ఉండొచ్చు. మీ ఫ్రిజ్‌లో ఏ మూల ఎంత చల్లనో తెలిశాక ఏది ఎక్కడ పెట్టాలో మీకే అర్థమవుతుంది.

సర్దడం

బయల్దేరే ముందు రోజే ఫ్రిజ్‌ను ఇంటి కరెంటు మీద చల్లబరచండి. పెట్టే ప్రతి వస్తువూ అప్పటికే చల్లగా ఉండాలి. 10 లీటర్ల వెచ్చటి నీళ్లు అంటే 300 వాట్ అవర్ల వేడి. మీ రోజు లెక్కను చాలావరకు అదే తలకిందులు చేస్తుంది.

పచ్చి మాంసం, చేపలు గట్టిగా మూసే డబ్బాల్లో, అన్నిటికంటే అడుగున. వాటి నీరు కూరగాయల మీదికి కారే అవకాశం ఉండకూడదు. మధ్యలో పాలు, వండినవి. ఆకుకూరలు, పండ్లు పైన బుట్టలో, గోడకు తగలకుండా. అడుగున గోడ పక్కన పెట్టిన ఆకుకూర రాత్రికి గడ్డకట్టి తెల్లారేసరికి వాడిపోతుంది. ఖాళీ చోటును నీళ్ల సీసాలతో నింపండి. అవి చలిని పట్టి ఉంచుతాయి, గతుకుల్లో సామాను దొర్లకుండా కూడా ఆపుతాయి. వండిన ఆహారం రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, అలాగని పొగలు కక్కుతున్నది నేరుగా లోపల పెట్టొద్దు. గిన్నెను నీళ్లలో ఉంచి చల్లార్చి పెట్టండి.

దారిలో

ఇంజిన్ నడుస్తున్నంతసేపూ కరెంటుకు కొదవ ఉండదు. అప్పుడు ఫ్రిజ్‌ను 1 లేదా 2 డిగ్రీలకు దించండి. రాత్రి మకాం చేరాక 4కు మార్చండి. లోపలి సామాను పగలు పట్టుకున్న చలితో చీకటి పడ్డాక చాలాసేపు కంప్రెసర్ నడవకుండానే గడిచిపోతుంది. బ్యాటరీ చిన్నదైన వాళ్లకు దీనికి మించిన కిటుకు నాకు తెలియదు. సోలార్ మీద ఆధారపడేవాళ్లు కూడా మిట్టమధ్యాహ్నం ఇలాగే చేయొచ్చు.

కొత్తగా కొన్న వెచ్చటి సామానును కూడా బండి కదిలేటప్పుడే లోపల పెట్టండి. సాయంత్రం ఆగాక పెడితే ఆ వేడంతా బ్యాటరీ మీద పడుతుంది.

మందులు వెంట ఉంటే

ఇంకా తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకడితే కరిగినా పారేయాల్సిందే, చూడటానికి మామూలుగానే కనిపించినా వాడకూడదు. కాబట్టి దాన్ని గోడకు దూరంగా, పై బుట్టలో, గుడ్డ చుట్టిన డబ్బాలో ఉంచండి. ఫ్రిజ్‌ను 5 డిగ్రీల దగ్గరే వదిలేయండి. పైన చెప్పిన పగలు దించి రాత్రి పెంచే పద్ధతి ఒకే అర ఉన్న ఫ్రిజ్‌లో మందులున్నప్పుడు వద్దు. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుంచుకునే థర్మామీటర్‌ను ఆ డబ్బాలోనే పెట్టి రోజూ పొద్దున చూడండి. ఫ్రిజ్ ఆగిపోతే వాడుకోవడానికి ఇన్సులేషన్ ఉన్న చిన్న సంచీ, అందులో పెట్టే కూలింగ్ ప్యాక్ సిద్ధంగా ఉంచుకోండి. ప్యాక్ మందుకు నేరుగా తగలకూడదు.

తేడా వస్తే

కంప్రెసర్ టిక్కుమని ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంటే ముందు ప్లగ్గు దగ్గర వోల్టేజీ కొలవండి. అక్కడ తగ్గుతుంటే వైరో, ఫ్యూజు హోల్డరో, వదులైన స్క్రూవో కారణం. ఆగకుండా నడుస్తున్నా చల్లబడకపోతే జాలీకి దుమ్ము పట్టిందేమో, ఫ్యాన్ తిరుగుతోందా లేదా, మూత రబ్బరు మడతపడిందా చూడండి. మట్టి దారుల్లో తిరిగేవాళ్లు జాలీని వారానికోసారి బ్రష్‌తో దులపాలి. ఇవన్నీ బాగుండి కూడా చలి రాకపోతే వాయువు కారిపోయి ఉండొచ్చు. అది దారిలో బాగుచేసే పని కాదు, మెకానిక్ దగ్గరికి వెళ్లేదాకా ఫ్రిజ్‌ను ఐస్ బాక్స్‌గా వాడుకోండి. గోడలు మందమే కాబట్టి బాగానే పనిచేస్తుంది.

లోపల మంచు మందంగా పేరుకుంటే ఫ్రిజ్ ఆపి మూత తెరిచి కరగనివ్వండి. కత్తితో గీకితే పలుచటి అల్యూమినియం పైపుకు చిల్లు పడుతుంది, ఇక ఆ ఫ్రిజ్ బాగుపడటం కష్టం. ఇంటికొచ్చాక గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి తుడిచి, అడుగున నీళ్లు పోయే మూత తీసి ఆరబెట్టండి. దాచేటప్పుడు మూత పూర్తిగా పడకుండా మధ్యలో ఒక గుడ్డ ముక్క పెట్టి ఉంచాలి. గట్టిగా మూసేస్తే లోపల బూజు పడుతుంది, రబ్బరుకు ఆ వాసన పడితే ఓ పట్టాన వదలదు. రెండో బ్యాటరీని కూడా ఫ్రిజ్ నుంచి విడదీసి ఉంచండి. లెడ్ యాసిడ్‌దైతే నిండుగా, లిథియందైతే సగానికి కాస్త పైన చార్జ్ ఉంచి, రెండు మూడు నెలలకోసారి ఒకసారి చూసుకుంటే చాలు.